ఆయాసం వచ్చేదాకా ఆగమన్నారు

డయాలసిస్ సిస్టర్లుగా కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. సూది ఎక్కడ గుచ్చితే నరం పాడవకుండా ఉంటుంది, మిషన్ మీద ఉండగా బీపీ పడిపోతే మొదట ఏం చేయాలి, ఇలాంటివి అడుగుతారు. తెలిసింది చెబుతాను. మొన్న ఒకమ్మాయి మాత్రం, "మీ సర్వీసు మొత్తంలో మీకు బాగా కోపం వచ్చిన రోజేది మేడమ్?" అని అడిగింది. నవ్వి తప్పించుకుందామనుకున్నాను. నవ్వు రాలేదు. తర్వాత చెబుతానని ఫోన్ పెట్టేశాను. ఇన్నాళ్ళయినా ఆ కోపం అలాగే ఉందని అప్పుడే తెలిసింది. ఆ అమ్మాయికి ఫోన్‌లో చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

నేను పనిచేసిన డయాలసిస్ కేంద్రం మద్రాసులోని చూలైలో ఒక మేడ మీద ఉండేది. కింద ఇనుప బీరువాలు చేసే పట్టడ. పొద్దున్నుంచీ కింద సుత్తుల మోత, పైన మిషన్ల కూత. ఒక ట్రస్టు దాన్ని నడిపేది. ప్రభుత్వ బీమా పథకం కింద వచ్చే పేదవాళ్ళే మా పేషెంట్లు. కిడ్నీలు పూర్తిగా పోయినవాళ్ళకు వారానికి మూడుసార్లు మిషన్ మీద రక్తం శుభ్రం చేయాలి. వాళ్ళకు మూత్రం రాదు కాబట్టి తాగిన ప్రతి గుక్కా ఒంట్లోనే ఉండిపోతుంది. ఒక వాయిదా తప్పితే కాళ్ళు వాస్తాయి. ఇంకొకటి తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. ఆ తర్వాత గుండె ఎప్పుడు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. ఈ కథకు మీకు ఇంతకంటే వైద్యం తెలియక్కర్లేదు.

మా పేషెంట్లలో ఒకాయనను అందరం అత్తో అన్న అనేవాళ్ళం. అత్తో అంటే బర్మావాళ్ళ నూడిల్స్. క్యాబేజీ, వేయించిన వెల్లుల్లి, చింతపండు రసం వేసి చేత్తో కలిపి ఇస్తారు. పక్కన అరటిదూట సూపు. జార్జి టౌన్‌లో సాయంత్రమైతే ఆయన బండి చుట్టూ జనం నిలబడి తినేవాళ్ళు. ఆ సూపు ఆయన తాగకూడదు, కిడ్నీ జబ్బుకు అరటి పనికిరాదు. "నేను చేసిన సూపు ఊరంతా తాగుతాది, నాకు వాసనే మిగులు" అని నవ్వేవాడు.

ఆయన రంగూన్‌లో పుట్టిన తెలుగువాడు. తాతల కాలంలో విశాఖపట్నం వైపు నుంచి రేవు పనికి వెళ్ళిన కుటుంబం. అక్కడి ప్రభుత్వం మనవాళ్ళ దుకాణాలూ పనులూ లాక్కుని పొమ్మన్నప్పుడు, ఇంకా నడక కూడా సరిగా రాని ఈయనను చంకన వేసుకుని వాళ్ళమ్మ ఓడెక్కింది. మద్రాసులో దిగింది. ఇక్కడే పెరిగాడు, ఇక్కడే చూలై అమ్మాయిని చేసుకున్నాడు, ఇక్కడే ఒక కొడుకును చదివించాడు. ఓటు వేశాడు. రేషన్ తీసుకున్నాడు. మనందరి జేబుల్లో ఉండే ఆ పన్నెండంకెల కార్డు వచ్చినప్పుడు మనతోపాటే వరుసలో నిలబడి వేలిముద్రలిచ్చాడు. పుట్టిన ఊరేదని అప్పుడు ఎవరూ అడగలేదు.

కొన్నేళ్ళకు మా కేంద్రంలో పద్ధతి మారింది. పేషెంటు వచ్చిన ప్రతిసారీ చేతిలో పట్టే చిన్న కంప్యూటర్‌లోకి చూడాలి, రెప్పలార్పాలి. ముఖం నంబరుతో సరిపోతేనే పథకం ఒప్పుకుంటుంది. ఆ పనికి తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయిని పెట్టారు. మంచి పిల్ల. ముసలివాళ్ళ ముఖాన పడిన వెలుతురు సరిచేస్తూ, "ఇటు చూడండి తాతగారూ, ఇంకొంచెం" అని ఓపిగ్గా చేసేది.

ఒక సోమవారం ఆ పిల్ల అత్తో అన్న ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత నా దగ్గరికొచ్చి మెల్లగా, "మేడమ్, ఈయనది రావట్లేదండి. ముఖం తేడా అని కాదు, నంబరే లేదంటోంది" అంది.

"ఉన్న నంబరు లేకుండా ఎట్ల పోతాది?" అన్నాను.

అత్తో అన్న భార్య సంచిలోంచి ఒక కవరు తీసింది. ఆవిడను నేను వదినా అనేదాన్ని. కొడుకు పనిమీద వేరే ఊళ్ళో ఉండడంతో, ఇంట్లో ఇంగ్లిష్ వచ్చినవాళ్ళు లేక దాన్ని అలాగే దాచింది. ఈ దేశంలో ఉండేందుకు కావలసిన షరతులు మీరు నెరవేర్చలేదు గనక మీ నంబరును నిలిపివేశాం, అని అందులో ఉంది.

జరిగింది ఏమిటంటే, కార్డుకు కాగితాలు కొత్తగా ఇచ్చుకోవాలని అంతకుముందు ఫోన్లకు మెసేజీలు వచ్చాయి. అత్తో అన్న వెళ్ళాడు. పుట్టినదానికి రుజువు అడిగారు. చాలామంది బడి సర్టిఫికెట్టో మరొకటో ఇచ్చి వచ్చేశారు. బడికి పోని ఈయన వాళ్ళమ్మ ఓడలో వచ్చినప్పటి కాగితం ఇచ్చాడు. ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇన్నేళ్ళు కాపాడుకున్న కాగితం. అది చూపిస్తే గౌరవం అనుకున్నాడు. నిజం చెప్పాడు. నిజం చెప్పినందుకే ఆయనను లెక్కలోంచి కొట్టేశారు.

ఆ రోజు డాక్టరుగారు సంతకం పెట్టి మిషన్ మీద పెట్టించారు. మర్నాడు నేను సెలవు పెట్టి ఆయనతో, వదినతో కలిసి కార్డుల ఆఫీసుకు వెళ్ళాను. టోకెన్ తీసుకుని కూర్చుని కూర్చుని మధ్యాహ్నానికి అద్దం అవతల ఒక యువకుడి ముందుకు వెళ్ళాం. అతను మర్యాదగానే మాట్లాడాడు. ఓడ కాగితం తిప్పి చూశాడు. అందులో వాళ్ళమ్మ పేరుంది, పక్కన 'ఒక మగబిడ్డ' అని ఉంది. బిడ్డ పేరు లేదు.

"ఈ మగబిడ్డ మీరే అనడానికి ఏమిటి రుజువు?" అని తమిళంలో అడిగాడు.

అత్తో అన్న నావైపు తిరిగి, "మా యమ్మకు నేనొక్కడే సిస్టరమ్మా. ఇంకెవుర్ని పిలుచుకొచ్చి చూపించేది?" అన్నాడు.

చివరికి ఆ యువకుడు, విదేశీయులను నమోదు చేసే ఆఫీసు నుంచి ఉత్తరం తెస్తే చూస్తానన్నాడు. అక్కడికి పోయాం. అక్కడున్నావిడ కంప్యూటర్‌లో వెతికి, "మీరు మా లెక్కల్లో లేరు. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. మీరు విదేశీయులని మేం ఎలా రాసిచ్చేది?" అంది.

"అయితే ఈయన ఇండియన్ అని రాసివ్వండి" అన్నాను.

"అది రాయడం మా పని కాదు."

తిరిగి వస్తుంటే మౌంట్ రోడ్డు సిగ్నల్ దగ్గర ఆటో ఆగిపోయింది. అత్తో అన్న వాచిన కాళ్ళు చాపుకుని బయటికి చూస్తూ, "ఆడ పోతే ఈ దేశం కాదంటారు, ఈడ పోతే ఆ దేశం కాదంటారు. మరి నేను ఉండేది యాడ సిస్టరమ్మా, ఈ సిగ్నల్‌లోనా?" అన్నాడు. ఆటో డ్రైవరు కూడా నవ్వాడు. వదిన నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

పక్కనే పెద్ద ప్రభుత్వాసుపత్రి ఉంది కదా అని మీరడగవచ్చు. పోయాం. ప్రాణం మీదికొస్తే ఒకసారి చేస్తారు, రోజూ వచ్చేవాళ్ళ వరుసలో చేర్చుకోవాలంటే అక్కడా నంబరే అడుగుతారు. మీ కేంద్రం మీకుందిగా, అని పంపించేశారు.

మా మేనేజరు చెడ్డవాడు కాదు. నాకు ఎక్కువ మంట పుట్టించేది అదే. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేదాన్ని. ఆయన పథకం వాళ్ళకు ఫోన్ చేసి, చాలాసేపు బతిమాలి, ఒక దారి దొరికిందని సంతోషంగా నా దగ్గరికొచ్చాడు.

"ఎమర్జెన్సీ అయితే ముఖం లేకుండా చేయొచ్చంట సిస్టర్. డాక్టర్ రాసిస్తే శాలు."

"ఎమర్జెన్సీ అంటే?"

"ఆయాసం ఉండాలి. ఆక్సిజన్ దిగుండాలి. అట్ల ఉంటేనే. మంచిగా ఉండేవాన్ని ఎక్కిస్తే మన పర్మిషన్ కట్ చేస్తారు. మిగతా పేషెంట్లందరి గతి ఏంది, నువ్వే చెప్పు."

మిగతా పేషెంట్లు. నిజమే మరి. హాలులో వాళ్ళంతా చేతులు చాపుకుని పడుకుని ఉన్నారు. ఒకరిని చూపించి ఇంకొకరి నోరు మూయించడం ఎంత తేలికో ఆ రోజు చూశాను.

అప్పటి నుంచి ఆయన తన వాయిదా రోజున వచ్చి బయట బెంచీ మీద కూర్చునేవాడు. నేను వేలికి క్లిప్పు పెట్టి చూసేదాన్ని. ఆక్సిజన్ బాగుంటే ఇంటికి పొమ్మనాలి. బాగా లేకపోతే లోపలికి రమ్మనాలి. ముప్పై ఏళ్ళకు పైగా నేను నేర్చుకున్నదంతా మనిషికి ఆయాసం రాకుండా చూడడం. ఇప్పుడు వచ్చేదాకా కాపలా కూర్చోమన్నారు.

"నిన్న బాగుండాడని పంపేస్తిరి" అని వదిన ఒకరోజు నాతో అంది. "తెల్లారేవరకు గోడకానుకొని కూచునే ఉండాడు. పడుకుంటే ఊపిరాడలా. పొద్దునకు మళ్ళా సరిపోయె. ఈయప్పకు రోగం కూడా మీ రూల్ ప్రకారం రావాల్నా?"

ఆవిడ 'మీ రూల్' అన్నది. నన్ను కలిపే అన్నది. తప్పేముంది?

ఈ సంగతి హాలులో పాకింది. సిలోన్ నుంచి యుద్ధకాలంలో వచ్చినావిడ ఒకరు మా దగ్గరే చేయించుకునేది. శరణార్థుల క్యాంపు వదిలి కూతురితో పాటు చూలైలోనే ఉండేది. ఆవిడ నంబరు బాగానే పనిచేస్తోంది. అయినా అత్తో అన్న సంగతి విన్నాక ఆ కంప్యూటర్ ముందు కూర్చోవడానికి భయపడింది. ముఖం చూపిస్తే ఎవరో పట్టుకుంటారనుకుంది. ఒక వాయిదాకు రాలేదు, తర్వాతిదానికీ రాలేదు. ఇంటికి మనిషిని పంపితే తాళం వేసి ఉంది. ఆవిడ ఏమైందో ఇవాళ్టికీ నాకు తెలియదు. డయాలసిస్ లేకుండా ఎన్నాళ్ళు బతుకుతారో మాత్రం తెలుసు.

ఇక ఆ రోజు. మే నెల, కత్తిరి ఎండలు. మధ్యాహ్నం భోజనం చేసి మెట్లెక్కుతున్నాను. మెట్ల మలుపులో అత్తో అన్న ఒక్కడే కూర్చుని, పెద్ద నీళ్ళ బాటిల్ ఎత్తి గటగటా తాగుతున్నాడు. పక్కన ఖాళీ బాటిల్ ఒకటి పడి ఉంది.

"ఏం పని చేస్తా ఉండావన్నా!" అని అరిచి బాటిల్ లాక్కున్నాను. చొక్కా అంతా తడిసింది.

ఆయన నిదానంగా మూతి తుడుచుకున్నాడు. "పొద్దున నీ క్లిప్పు పెడితే బాగుండానని చెప్పింది కదా సిస్టరమ్మా. పో అన్నారు కదా. ఇంకొంచెం నీళ్ళు పడితే ఆయాసం వచ్చేస్తాది. అప్పుడు రానిస్తారు."

నేను బాటిల్‌కు మూత బిగించాను.

"తిట్టవాకమ్మా" అన్నాడు. "కడుపు నిండా నీళ్ళు తాగి ఎన్నేళ్ళయిందో తెలుసునా నీకు? ఎంత బాగుండాదో."

నాలిక తడుపుకునేందుకు ఐసు ముక్క చప్పరించి బతికిన మనిషి. ఒక్క గుక్క ఎక్కువ తాగితే నా చేత చీవాట్లు తిన్న మనిషి. లోపలికి రావడానికి అర్హత కోసం నీళ్ళు తాగుతున్నాడు. ఆయనకు ఆ అర్హత పెట్టింది ఎవరు? చదువుకున్నవాళ్ళు, ఏసీ గదుల్లో కూర్చున్నవాళ్ళు, జీవితంలో ఒక్క పూట దాహమంటే ఏమిటో ఎరగనివాళ్ళు.

చేయి పట్టుకుని లేపాను. హాలు వైపు తీసుకెళ్ళాను. తలుపు దగ్గర మేనేజరు అడ్డం వచ్చాడు.

"ఆక్సిజన్ చూసినావా సిస్టర్?"

"చూడలేదు. చూడను."

"అట్ల కాదు, రూల్..."

"ఈ మనిషి మెట్ల మీద కూచుని నీళ్ళు తాగతా ఉండాడు సార్, చావడానికి దగ్గరైతే మీరు రానిస్తారని. పోయి చూడండి, బాటిల్ ఆడే ఉంది. మీ రూల్‌కు ఇంకా ఎంత ఆయాసం కావాల్నో చెప్పండి, నేనే తాపిస్తాను."

హాలులో పడుకున్నవాళ్ళంతా మావైపే చూస్తున్నారు. మేనేజరు ఇంకా తలుపు దగ్గరే ఉన్నాడు. నేను ఆయనను తోసుకునే వెళ్ళానేమో, సరిగా గుర్తులేదు. ఖాళీగా ఉన్న కుర్చీలో అత్తో అన్నను పడుకోబెట్టి సూదులు గుచ్చాను.

తెనాలి అమ్మాయి కంప్యూటర్ పట్టుకుని పక్కన నిలబడింది. కళ్ళలో నీళ్ళు. "ఇప్పుడేం ఎంటర్ చేయమంటారు మేడమ్?"

"జరిగింది రాయి. మనిషి వచ్చాడు, మనకు తెలిసిన మనిషే, డయాలసిస్ చేశాం, అని రాయి."

"దానికి ఆప్షన్ లేదండి."

గంటన్నరకల్లా ఆయన గుండె లయ తప్పింది. అన్ని రోజుల విషం, దాని మీద అన్ని నీళ్ళు. డాక్టరుగారు పరుగెత్తుకొచ్చారు. మందులెక్కించాం, ఛాతీ నొక్కాం. పట్టడలో సుత్తి దెబ్బలు, నా చేతుల కింద ఆయన ఎముకలు. నిలదొక్కుకున్నాడు. బతికాడు. కానీ గుండె ఆ రోజు నుంచి మునుపటి గుండె కాదని డాక్టరుగారు తర్వాత చెప్పారు.

సాయంత్రం మేనేజరు గదిలో ట్రస్టు పెద్ద ఒకరు కూర్చుని ఉన్నారు. నన్ను పిలిచారు. సంస్థ క్షేమం గురించి చాలా చెప్పారు. నేను విని, "వచ్చే వాయిదాకు ఆయన్ను సమయానికి ఎక్కిస్తాను. వద్దంటే ఆయన కుర్చీ తెచ్చి కింద వీధిలో వేసి, పేపరువాళ్ళను పిలిచి, ఎందుకు వద్దన్నారో మీ పేరుతోనే చెప్తాను" అన్నాను. పక్కనే నిలబడ్డ డాక్టరుగారు, "నేను కూడా ఆమె పక్కనే కూచుంటాను" అన్నారు. చిన్నవయసు డాక్టరు. అంతవరకు ఆయన గొంతు పెంచగా నేను వినలేదు.

పేపరు మాట పనిచేసింది. జాలి కాదు, పేపరు. పథకంతో సంబంధం లేకుండా ట్రస్టు తన తరఫున ఆయనకు కొన్నాళ్ళు చేసేందుకు ఒప్పుకుంది. ముందే ఒప్పుకోవచ్చు కదా! ఆ దారి మొదటి నుంచీ ఉంది. నాకు మాత్రం క్రమశిక్షణ తప్పానని మెమో ఇచ్చారు. జవాబు రాయలేదు.

కొన్ని వారాల తర్వాత వదిన ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. మీ భర్త నంబరు మళ్ళీ పనిచేస్తుంది, అని. ఈలోపు ఆ ఆఫీసులకు మేం పెట్టిన అర్జీల్లో ఏది పనిచేసిందో తెలియదు. ఎవరు ఆపారో, ఎందుకాపారో, ఎవరు తిరిగిచ్చారో ఒక్క ముక్క లేదు. క్షమించండి అన్న మాట సంగతి అడగనే వద్దు.

మేనేజరు ఆ రోజు జాంగ్రీలు తెప్పించాడు. అందరికీ పంచాడు. అమ్మాయి ఉత్సాహంగా కంప్యూటర్ ఎత్తి, "ఇటు చూడండి అంకుల్, ఒక్కసారి రెప్పలార్పండి" అంది.

అత్తో అన్న గోడవైపు తిరిగాడు. "చూడనమ్మా."

"అయ్యో, చూడకపోతే ఎలాగండీ?"

"నేనెవురో మీకు తెలీదా? ఈ సిస్టరమ్మకు తెలుసు. నీకు తెలుసు. ఆ మేనేజరుకూ తెలుసు, నా బండి కాడ తినుండాడు. మళ్ళా దీనికి ఏంటికి చూపించేది?"

మేనేజరు చేతిలో జాంగ్రీ పట్టుకుని నిలబడిపోయాడు. నాకైతే, ఆ మాట నేనే అన్నట్టుగా, చూడొద్దన్నా అని అరవాలనిపించింది. కానీ చూడకపోతే ఆయనకు మళ్ళీ బెంచీయే. వదిన వెళ్ళి ఆయన భుజం మీద చేయి వేసి, "నాకోసరం చూడు" అంది. అంతే.

ఆయన తిరిగాడు. దాన్ని గుడ్లురిమి చూశాడు. రెప్పలార్పండి, రెప్పలార్పండి, అని ఆ యంత్రం అడుగుతూనే ఉంది. ఆయన ఆర్పలేదు. కళ్ళు ఎర్రబడ్డాయి, నీళ్ళు నిండాయి, అయినా ఆర్పలేదు. మనిషన్నవాడు ఎంతసేపు ఆర్పకుండా ఉండగలడు? చివరికి ఆర్పాడు. సరిపోయిందని కంప్యూటర్ చెప్పింది. అమ్మాయి తల దించుకుని పక్క పేషెంటు దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆయన ఏడాదికి పైగా బతికాడు. బండి తోసే సత్తువ లేక వ్యాపారం ఊరు నుంచి తిరిగొచ్చిన కొడుకుకు అప్పగించాడు. నేను రిటైరైన కొన్నాళ్ళకు ఒక ఉదయం ఇంట్లోనే గుండె ఆగి పోయాడు. మరణం నమోదు చేయించడానికి వదినతో పాటు నేనూ వెళ్ళాను. గుమస్తా ఒక్కొక్కటే అడిగి కంప్యూటర్‌లో కొడుతున్నాడు. పేరు, వయసు, చిరునామా. ఏ దేశస్థుడు అన్న చోటికి వచ్చేసరికి మావైపు చూడనైనా చూడకుండా ఇండియన్ అని కొట్టి కిందికి పోయాడు.

వదిన ఆ తెర వైపే వంగి చూసింది. "అదేమి రాసినావప్పా?" అని తమిళంలో అడిగింది.

"ఇండియన్ అని అమ్మా. ఏం, తప్పా?"

"తప్పేం లేదు" అంది వదిన. తర్వాత నావైపు తిరిగి తెలుగులో, "ఈ మాట ఈయప్ప బతికుండేటప్పుడు ఒక్కడన్నా అనుంటే, ఎంత నిమ్మళంగా పోయుండునో" అంది.